టెండరు కాగితంలో వృద్ధుల హక్కు

ఇంగ్లండులోని ఏదో ఒక పట్టణంలో మంచం దిగలేని ముస్లిం వృద్ధురాలు ఒకరు ఉన్నారనుకుందాం. ఉదయం స్నానం చేయించడానికి వచ్చేది స్త్రీయా, పురుషుడా? మధ్యాహ్నం ఇంటికి చేరే భోజనం హలాలా, కాదా? వుజూ చేయించి నమాజుకు కూర్చోబెట్టేంత వ్యవధి ఆ వచ్చినవారికి ఉందా? ఇవన్నీ గుమ్మం దగ్గర, వచ్చిన మనిషి మంచితనాన్ని బట్టి తేలే సంగతులని మనకు తోస్తుంది. వాస్తవానికి అవి ఎన్నో నెలల ముందే, కౌన్సిల్ కార్యాలయంలో తయారైన టెండరు షరతులలో చాలావరకు తేలిపోయి ఉంటాయి.

ఆ దేశపు ఏర్పాటు మనకెందుకు అనవచ్చు. తెలుగు జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబాలున్నాయి. 2022 ఫిబ్రవరిలో సంరక్షణ పనివారికి బ్రిటన్ వీసా ద్వారం తెరిచినప్పుడు మన దేశం నుంచి వేలమంది వెళ్ళారు. 2025 జూలైలో ఆ ద్వారం విదేశాల నుంచి కొత్తగా వచ్చేవారికి మూసుకుపోయింది. అంతకంటె ముఖ్యంగా, ఒక స్థానిక సంస్థ వృద్ధుల సంరక్షణను తన విధిగా స్వీకరిస్తే కాగితం మీద అది ఎట్లా ఉంటుందో చూడడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇంగ్లండులో 2014 నాటి సంరక్షణ చట్టం 2015 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. సహాయం అవసరమనిపించే వయోజనుని పరిస్థితిని కౌన్సిల్ మదింపు చేయాలి. అర్హత తేలితే ఆ అవసరం తీర్చాలి. ఇంట్లో సేవ చేస్తున్న కోడలికో కూతురికో కూడా తన అవసరాలను విడిగా మదింపు చేయించుకునే హక్కుంది. అయితే కౌన్సిల్ ఈ సేవలలో అధిక భాగాన్ని తన ఉద్యోగులతో చేయించదు. ప్రైవేటు కంపెనీల నుంచి, స్వచ్ఛంద సంస్థల నుంచి కొంటుంది. ముందుగా ఆరోగ్య శాఖతో కలిసి ఆ ప్రాంత ప్రజల అవసరాల అంచనా పత్రం తయారు చేస్తారు. దానిని బట్టి ఎటువంటి సేవ, ఎన్ని గంటలు, ఏ ధరకు అన్నది రాసి టెండరు పిలుస్తారు. ఒప్పందం కుదిరాక పర్యవేక్షిస్తారు. ఈ మొత్తం ప్రక్రియను అక్కడ కమిషనింగ్ అంటారు. స్నానం వంటి ఆంతరంగిక సేవకు పదిహేను నిమిషాల సందర్శన తగదని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాని టెండరులో ధర తగ్గించినవాడికే పని దక్కితే ఆ నిమిషాలు ఎక్కడ కరిగిపోతాయో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడే అల్పసంఖ్యాకుల ప్రశ్న వస్తుంది. అందరికీ ఒకే సేవ, ఒకే సంస్థ. అదే సమానత్వం కదా? పశ్చిమ లండన్‌లోని ఈలింగ్ కౌన్సిల్ సరిగ్గా ఇట్లాగే వాదించింది. గృహహింస బాధితులైన అల్పసంఖ్యాక స్త్రీలకు 1979 నుంచి అండగా ఉన్న సౌథాల్ బ్లాక్ సిస్టర్స్ సంస్థకు ఇస్తున్న నిధులను మళ్ళించి, ప్రాంతమంతటికీ ఒకే సేవను పోటీ మీద అప్పగించదలచింది. 2008 జూలైలో విషయం హైకోర్టుకు వెళ్ళింది. విచారణ నడుస్తుండగానే కౌన్సిల్ తన నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. అయినా న్యాయమూర్తి లార్డ్ జస్టిస్ మోజెస్ తీర్పు వెలువరించారు. ఒక విధానం వల్ల ఎవరికి ఏ నష్టమో ముందు పరిశీలించి ఆ తరువాతే విధానం చేయాలి గాని, విధానం చేసుకుని పరిశీలన జరిపినట్లు చూపరాదన్నారు. ప్రత్యేక అవసరం ఉన్నవారికి ప్రత్యేక సేవ నడపడం సమానత్వానికి విరుద్ధం కాదనీ స్పష్టం చేశారు. ఆ సంస్థ మత సంస్థ కాదు. మత పెద్దలతో అది తలపడిన సందర్భాలు అనేకం. అయినా ఆ తీర్పు వల్ల కలిగే మేలు మస్జిద్ కమిటీకీ అంతే వర్తిస్తుంది. అప్పటి తీర్పు జాతి సంబంధాల చట్టం మీద ఆధారపడింది. నేడు 2010 సమానత్వ చట్టం 149వ సెక్షను మతాన్ని, వయస్సును, వైకల్యాన్ని కూడా అందులో చేర్చింది.

అక్కడ అంతా బాగుందని చెప్పడం లేదు. 23,250 పౌండ్లకు మించి ఆస్తి ఉన్నవారు సంరక్షణ ఖర్చు సాధారణంగా తామే భరించాలి. ఆ హద్దు 2010 నుంచి మారలేదు. జీవితకాల ఖర్చుపై 86,000 పౌండ్ల పరిమితి పెడతామన్న వాగ్దానాన్ని 2024 జూలైలో రద్దు చేశారు. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబరులో తన లెక్కలు సరితూగడం లేదని అధికారికంగా ప్రకటించింది. అంతటి ఇబ్బందిలోనూ వృద్ధుల సంరక్షణ బాధ్యత నుంచి ఆ కౌన్సిల్ తప్పుకోలేకపోయింది. చట్టం ‘చేయాలి’ అన్నది గనుక.

ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన ఈ రచయితకు ఆ ఒక్క క్రియాపదం విలువ తెలుసు. మన 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం 19వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, తొలుత కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేట్లు ఆశ్రమాలను నెలకొల్ప‘వచ్చు’. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండవ షెడ్యూలులో బలహీన వర్గాల, వికలాంగుల ప్రయోజనాల రక్షణ తొమ్మిదవ అంశం. ఆ అధికారాన్ని పురపాలక సంఘాలకు రాష్ట్ర శాసనసభ ఇవ్వ‘వచ్చు’. ‘వచ్చు’ అన్న చోట ఫైలు కదలకపోయినా అడిగే నాథుడుండడు.

మన ఇళ్ళలో పెద్దలను బయటికి పంపే అలవాటు లేదు, ఇదంతా మనకక్కరలేదు అనేవారున్నారు. కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. కోడలు ఇద్దరు పిల్లలతో, పక్షవాతం వచ్చిన మామగారితో, ఒక గది ఇంట్లో ఉంటుంది. ఆమె నడుము నొప్పి ఏ అంచనా పత్రంలోనూ లేదు. ఇంటికి వచ్చి రెండు గంటలు ఆదుకునే మనిషిని వార్డు స్థాయిలో ఏర్పాటు చేయమని అడిగితే అది వృద్ధాశ్రమాన్ని కోరినట్లు కాదు.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. అంచనాలు అంతకు కొన్ని నెలల ముందే తయారవుతాయి. అందుచేత మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు ఇప్పుడే తమ పురపాలక కమిషనరుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. మన వార్డులో అరవై దాటినవారు ఎందరని మీ రికార్డులో ఉంది? మంచం పట్టినవారి లెక్క ఎప్పుడైనా తీశారా? వారి కోసం గత మూడేళ్ళలో ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు? జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన కాగితం నకలును, ఏమీ లేదని వచ్చినా సరే, ఈ పత్రికకు పంపండి.