కౌంటర్ మిగిలింది, ఊరి పుణ్యం కాదు

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, గ్రీన్స్‌బరో నగరం. సౌత్ ఎల్మ్ వీధిలోని పాత వూల్‌వర్త్ దుకాణంలో ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం నడుస్తోంది. జాతి వేర్పాటును ధిక్కరించి 1960లో నల్లజాతి విద్యార్థులు బైఠాయించిన లంచ్ కౌంటర్ అక్కడే ఉంది. ఒక ముక్కను మాత్రం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో పెట్టారు. ఆ ఊరికి ఇవాళ ఇదే పెద్ద పేరు. కానీ ఈ పేరు నిలబెట్టుకోవడానికి ఊరు జేబులోంచి తీసింది చాలా తక్కువ.

1960 ఫిబ్రవరి 1న ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్ అనే నలుగురు విద్యార్థులు కౌంటర్ దగ్గరికి నేరుగా పోలేదు. ముందు అదే దుకాణంలో టూత్‌పేస్ట్ లాంటి చిన్న సరుకులు కొని రసీదులు దాచుకున్నారు. ఆ తర్వాతే స్టూళ్లపై కూర్చుని కాఫీ అడిగారు. సరుకుల దగ్గర చెల్లిన డబ్బు కాఫీ దగ్గర చెల్లలేదు. రెండు గ్లాసుల హోటళ్లు చూసిన మన పల్లెలకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

బైఠాయింపులు అక్కడే పుట్టలేదు. 1958లోనే విచిటా, ఓక్లహోమా సిటీల్లో జరిగాయి. గ్రీన్స్‌బరో తర్వాత మాత్రం మంట ఆగలేదు. మార్చి చివరికి 13 రాష్ట్రాల్లోని 55 నగరాలకు పాకింది. లోకమంతా చూసిన కౌంటర్ ఫోటోలో ఉన్నది ఆ నలుగురే అనుకుంటారు చాలామంది. అది రెండో రోజు తీసింది. నలుగురిలో ఇద్దరే అందులో ఉన్నారు, మిగతా ఇద్దరూ వేరే విద్యార్థులు. పోరాటంలో పాల్గొన్న బెనెట్ మహిళా కళాశాల అమ్మాయిలు అందులోనూ లేరు, జనం జ్ఞాపకంలోనూ అంతగా లేరు. వేసవిలో కాలేజీ పిల్లలు ఇళ్లకు పోతే, పోరాటాన్ని నిలబెట్టింది డడ్లీ హైస్కూలు పిల్లలు.

సుమారు 2 లక్షల డాలర్ల నష్టం వచ్చాక గానీ వూల్‌వర్త్ దిగిరాలేదు. దిగివచ్చిన తీరు కూడా చూడాలి. జూలై 25న మేనేజర్ తన దుకాణంలోని నల్లజాతి సిబ్బందినే పిలిచి, యూనిఫాం మార్చుకుని వచ్చి కౌంటర్ దగ్గర తినమన్నాడు. ఏళ్ల తరబడి ఇతరులకు వండిపెట్టిన జెనీవా టిస్‌డేల్ లాంటి వాళ్లు అలా ఆ కౌంటర్‌కు మొదటి నల్లజాతి కస్టమర్లయ్యారు. ఆర్భాటం లేదు, ప్రకటన లేదు. నా దృష్టిలో ఆ కౌంటర్ కథలో అన్నిటికన్నా చెప్పుకోదగ్గ ఘట్టం ఇదే. స్మారకాలు చెక్కేవాళ్లకు ఇది ఎందుకో ఆనదు.

1993లో దుకాణం మూతపడింది. కూల్చేసి పార్కింగ్ స్థలం చేద్దామన్నారు. స్థానిక నేతలు స్కిప్ ఆల్‌స్టన్, ఎర్ల్ జోన్స్ ఓ సంస్థ పెట్టి భవనాన్ని కాపాడారు. మ్యూజియం కోసం బాండ్లు జారీ చేద్దామంటే ఓటర్లు రెండుసార్లు కాదన్నారు. చివరికి తలుపులు తెరుచుకున్నది 2010 ఫిబ్రవరి 1న, అంటే సరిగ్గా యాభై ఏళ్లకు. ఆ తర్వాతా అప్పుల బాధ వదల్లేదు.

మ్యూజియం మాట అటుంచితే, ఆ పోరాటానికి మూల్యం చెల్లించినవారిలో నలుగురిలో ఒకరైన డేవిడ్ రిచ్‌మండ్ ఉన్నారు. గొడవలమారి అన్న ముద్రతో సొంత ఊళ్లో ఆయనకు ఉద్యోగం దొరకడమే కష్టమైంది. 1990లో, నలభై తొమ్మిదేళ్లకే కన్నుమూశారు. పోరాడినవాళ్లు బతికుండగా పని ఇవ్వని ఊరు, పోయాక విగ్రహాలు పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. ఇలాంటి చోట్లకు ఏటా ప్రజాధనం కేటాయించాల్సిందే. విరాళాల దయకు వదిలేయకూడదు.

షార్లెట్, రాలీల్లో ఉన్న తెలుగువారికి గ్రీన్స్‌బరో గంటన్నర ప్రయాణం. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. టికెట్ కొనే వెళ్లండి, ఆ మ్యూజియానికి అదీ అవసరమే.