వేళాంగణి యాత్ర: టిక్కెట్ల లెక్క

మన కె.జి.ఎఫ్. నుండి వేళాంగణి పోదలచిన కుటుంబాలకు ఈ నెల నాలుగు మాటలు.

ఆగస్టు 29న ధ్వజారోహణ. సెప్టెంబరు 8 మాత జన్మదినోత్సవము. గుడిలోనికి టిక్కెట్టు లేదు, చిక్కంతా రైలుదే. 2024 నవంబరు నుండి రైల్వేవారు 60 రోజుల ముందునుండే రిజర్వేషను ఇస్తున్నారు. కనుక ఆగస్టు 29 ప్రయాణానికి జూన్ 30 ఉదయం 8 గంటలకు, సెప్టెంబరు 8 తిరుగు ప్రయాణానికి జూలై 10న సిద్ధంగా ఉండవలెను.

పోయేవారు తలొక రోజున పోతారు. పండుగ ముగిసిన రాత్రి అందరూ ఒక్కసారే తిరుగుతారు. అందుచేత జూలై 10 ముఖ్యము.

వృద్ధులకు ఛార్జీ తగ్గింపు 2020లోనే ఆగినది. కాని 60 నిండిన పురుషులకు, 45 నిండిన స్త్రీలకు వీలున్నంతవరకు కింది బెర్తు ఇస్తారు. వయస్సు సరిగా వ్రాయించండి. నడవలేని అవ్వను మాత్రం పండుగ రద్దీలోకి తీసుకుపోకండి. మొక్కు అక్టోబరులో తీర్చినా మొక్కే.