ఐర్లండు బాటపై సైకిలు

2025 జూలై 14వ తేదీన టూర్ ద ఫ్రాన్సు మహాపందెములో పసుపుపచ్చని చొక్కా ఒక ఐర్లండు రౌతుకు దక్కెను. ఏనాటికానాడు మొత్తముమీద ముందున్నవాడు ధరించు గౌరవచిహ్నమది. బెన్ హీలీ దానిని తొడిగిన నాలుగవ ఐర్లండువాడు. అంతకుముందు 1963లో షే ఎలియట్, 1983లో షాన్ కెల్లీ, 1987లో స్టీఫెన్ రోష్ ఆ గౌరవము నందిరి. ముప్పదియెనిమిదేండ్ల యెడబాటు తీరినదని ఆ చిన్న దేశము పొంగిపోవుట సహజమే. అయినను ఒక విషయము గమనింపదగియున్నది. హీలీ ఇంగ్లండులో పుట్టినవాడు. తాతలనాటి సంబంధముచేత ఐర్లండు పక్షమున పోటీచేయుచున్నవాడు. మరి ఐర్లండు బాటలపైననే సైకిలు తొక్కుచు పెరుగుచున్న పిల్లలు నేడెందరు? సంబరము నడుమనే అడుగవలసిన ప్రశ్న ఇది.

సైకిలునకు ఐర్లండు చేసిన యుపకారము స్వల్పము కాదు. డన్లప్ అను పేరు తెలుగునాట సైకిలు దుకాణము చూచినవారందరు నెరిగినదే. జాన్ బాయిడ్ డన్లప్ స్కాట్లండులో పుట్టి బెల్‌ఫాస్టు నగరములో పశువైద్యము చేయుచుండినవాడు. రాళ్లు పరచిన వీథులలో మూడుచక్రముల బండిపై తన కుమారుడు పడు కుదుపులు చూచి, 1887లో రబ్బరు గొట్టమున గాలి నింపి చక్రమునకు చుట్టెను. మరుసటి సంవత్సరము పేటెంటు పొందెను. రాబర్టు థామ్సన్ అను మరియొక స్కాట్లండువాడు నలువదియేండ్లకు ముందే ఈ యూహకు పేటెంటు పొందియుండుటచే డన్లప్ హక్కు తరువాత చెల్లకపోయెను. కాని సైకిలునకు గాలిటైరు వాడుకలోనికి వచ్చినది డన్లప్ వలననే. 1889లో విల్లీ హ్యూమ్ అను రౌతు బెల్‌ఫాస్టు పందెములలో ఆ టైర్లతో గెలుపొందగనే ఎగతాళి చేసినవారి నోళ్లు మూతపడెను. గాలిటైరు పుట్టినది పందెగాండ్ర కొరకు కాదు, ఒక పసివాని సుఖము కొరకు.

ఆ టైర్లు దొర్లు బాటలకును కథలు కలవు. డబ్లిను నగరమునకు దక్షిణమున విక్లో కొండలమీద సాగు మిలిటరీ రోడ్డు 1798 తిరుగుబాటు అణగిన పిదప సైన్యమును నడిపించుటకు వేసినది. తిరుగుబాటుదారులను పట్టుటకు పుట్టిన ఆ బాటపై నేడు ఆదివారపు రౌతులు శాలీ గ్యాప్ కూడలికి ఎక్కి, బొగ్గుమట్టి నేలల నడుమ గాలిని పీల్చుకొని మరలుదురు. నైరృతి మూలనున్న హీలీ కనుమకు పసుపు చొక్కా హీలీతో ఏమియు సంబంధము లేదు. అది 1847లో మహాక్షామ కాలమున ఆకలిగొన్నవారికి కూలి చూపుటకై ఆరంభించిన బాట. 1931లో గాని పూర్తి కాలేదు. మెలికలు తిరుగుచు 334 మీటర్ల యెత్తున కనుమను చేరు ఆ దారిని ఎక్కునపుడు రౌతునకు తెలియునది తన ఊపిరి బరువు మాత్రమే. దానిని తవ్వినవారు మోసిన బరువును తలచుకొన్నవానికి ఆ యెక్కుడు మరియొక విధముగ కనబడును. కారులో పోవువానికి బాట ఒక సాధనము. సైకిలుపై పోవువానికి ప్రతి మిట్టపల్లమును శరీరమునకు తగులును గనుక బాటయే గమ్యమగును.

ఈ ఆనందము ఊరక దొరుకునది కాదు. దేశపు తూర్పు భాగమున సంవత్సరమునకు సుమారు 150 దినములు, పడమట కొన్ని తావుల 225 దినములు వాన పడును. గాలి తరచు నైరృతి నుండియు పడమటి నుండియు వీచును. కావున తెలిసినవారు ఓపిక యున్నపుడే గాలికి ఎదురేగి, అలసిన వేళకు గాలిని వీపున పెట్టుకొని ఇల్లు చేరుదురు. ఇరుప్రక్కల పొదలు గోడలవలె పెరిగిన సన్నని బాటలలో మలుపు అవతల ట్రాక్టరు ఉండవచ్చును, గొఱ్ఱెల మంద ఉండవచ్చును. బ్రేకుపై చేయి ఉండుట మేలు. మరమ్మతు చేసిన బాటలపై వెదజల్లిన చిన్నకంకర మీద హఠాత్తుగా హాండిలు త్రిప్పరాదు. ఇద్దరు ప్రక్కప్రక్కన పోవుటకు చట్టము సమ్మతించును. జేబులో ఒక ట్యూబు, పంపు, వానకోటు ఉన్నచో చాలవరకు ధైర్యముండును.

వీనియన్నిటిలో వెనుక చక్రపు మడ్‌గార్డును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. చలికాలమున గుంపుగా పోవునపుడు పొడవైన మడ్‌గార్డు లేనివానిని సంఘములవారు ముందుండనీయరు. ఏలయన, వాని చక్రము చిమ్ము బురద వెనుక వచ్చువాని ముఖమున పడును. తన వెనుక నున్నవాని కొరకు తాను పెట్టుకొను పరికరమది. బాటమీది మర్యాద యంతయు అందులోనే ఉన్నది.

ఆ మర్యాద ఎల్లకాలము నిలువలేదు. ద్వీపమంతయు ఒకటే దేశమని పట్టుబట్టిన సంఘము ఒకటి, అంతర్జాతీయ సంస్థ గీసిన హద్దు నంగీకరించినవి రెండు, ఇట్లు ఐర్లండు సైకిలు రౌతులు దశాబ్దములపాటు మూడు పక్షములై యుండిరి. మొదటి పక్షమువాడైన జో క్రిసిల్ 1953లో రాస్ టాల్టన్ అను పందెమును ఆరంభించెను. రెండు దినముల ఆ పందెము మరుసటి యేటికే ఎనిమిది దినముల దేశపర్యటనగా పెరిగెను. 1956లో ఉత్తర ఐర్లండు గుండా పోవునపుడు కారుపై కట్టిన త్రివర్ణపతాకము విషయమై పోలీసులతో ఘర్షణ జరిగెను. 1972 మ్యూనిక్ ఒలింపిక్ పందెములో ఈ పక్షపు రౌతులు అనుమతి లేకయే చొరబడి తమ నిరసన తెలిపిరి. 1970ల చివర గాని సయోధ్యకు దారి యేర్పడలేదు. 1980ల చివర గాని ద్వీపమంతటికి ఒకే సంస్థ కుదురలేదు.

ఇంత కలహము నడుమను ఊరి ప్రజలు గుర్తుంచుకొన్నది పతాకములను కాదు, మనుషులను. 1958లో రాస్ గెలిచిన కెర్రీ సీమవాడు మిక్ మర్ఫీ సర్కసులలో విద్యలు చూపినవాడు, పొలములలో కూలి చేసినవాడు. పందెము నడుమ సైకిలు పాడుకాగా ఒక రైతు సైకిలు తీసుకొని తొక్కెననియు, ఎముక విరిగియు పందెము మానలేదనియు నేటికిని చెప్పుకొందురు. పసుపు చొక్కా తొడిగిన తొలి ఐర్లండువాడైన ఎలియట్ 1971లో మరణించెను. విక్లో కొండలలో ఆతని పేరిట నిలిపిన శిల యొద్ద ఎక్కుడు ముగించిన రౌతులు ఊపిరి తీసుకొందురు. ఫ్లాన్ ఓబ్రియన్ వ్రాసి, ఆతని మరణానంతరము 1967లో వెలువడిన ‘మూడవ పోలీసు’ నవలలో, ఎగుడుదిగుడు బాటలపై ఎడతెగక తొక్కువారి అణువులు సైకిలులోనికి, సైకిలు అణువులు వారిలోనికి మారిపోవును. హాస్యమే కాని, ఒకనాటి పల్లెలలో సైకిలు ఎంతగా ఒదిగియుండెనో దానివలన తెలియుచున్నది.

మరి నేడు? రోష్ ఒకే సంవత్సరమున ఇటలీ, ఫ్రాన్సు పర్యటనలను, ప్రపంచ విజేతృత్వమును గెలిచినది 1987లో. దానికి ముందటి యేడు, 1986 జనాభా లెక్కలలో, సైకిలుపై బడికి పోవు హైస్కూలు బాలికలు 19,000 మంది. 2011 లెక్కలలో వారు 529 మంది. 2016లో 694 మంది. ఈ యంకెల ముందు విజయగాథలు వెలవెలబోవుచున్నవి. కారులు పెరిగినవని తల్లిదండ్రులు భయపడిరి. భయపడి పిల్లలను కారులలో దింపసాగిరి. అందుచే బడిముందు కారులు మరింత పెరిగినవి. ఈ సుడిలో మొదట మునిగినది ఆడపిల్ల. దీనిని ఆమె అభిరుచిలో వచ్చిన మార్పుగా త్రోసివేయరాదు. బాటమీద చోటు పోయిన తరువాత ఇష్టాయిష్టముల ప్రసక్తి యేమున్నది?

ప్రభుత్వము మేలుకొనలేదని చెప్పుట న్యాయము కాదు. పాత రైలుకట్టలపై 2010 మొదలుకొని వెస్ట్‌పోర్టు నుండి అకిల్ వరకు 42 కిలోమీటర్లు, 2017లో వాటర్‌ఫర్డు నుండి డంగార్వన్ వరకు 46 కిలోమీటర్లు సైకిలు దారులు వెలసినవి. నడకకును సైకిలునకును ఏటా 36 కోట్ల యూరోలు కేటాయింతుమని 2020లో ఏర్పడిన ప్రభుత్వము మాటయిచ్చెను. 2021లో బడిదారులను క్షేమకరము చేయు పథకము మొదలయ్యెను. 2025 ఫిబ్రవరి 7 నుండి పల్లెలలోని స్థానిక బాటలపై వేగపరిమితిని గంటకు 80 కిలోమీటర్ల నుండి 60కి తగ్గించిరి.

ఇవియన్నియు హర్షింపదగినవే. అయితే రైలుకట్టమీది దారి సెలవునాటి విహారమునకు చక్కనిది. అది ప్రతి యింటినుండి ప్రతి బడికి పోదు. పోవునది మామూలు బాటయే. దానిని పిల్లలు వాడదగినట్లు చేయనంతకాలము పథకములు పథకములుగనే నిలుచును. వేగపరిమితి ఫలకముమీద మారిన చాలదు, కారు నడుపువాని కాలిలో మారవలెను.

నిధులు కొరవడి 2019లో నిలిచిపోయిన రాస్ పందెమును అభిమానులు 2022లో ఐదు దినముల పందెముగ మరల నడిపిరి. పోయినదానిని తిరిగి తెచ్చుకొను శక్తి ఆ ప్రజలకున్నదని ఇది చాటుచున్నది. అదే పట్టుదల బడిదారులపై చూపినచో ఫలితముండకపోదు. వెనుక వచ్చువానిపై బురద పడకుండ మడ్‌గార్డు బిగించుకొను వారికి, తమ వెనుక రావలసిన తరమునకు బాట మిగుల్చుట వేరుగా నేర్పవలసిన ధర్మము కాదు. మరియొక పసుపు చొక్కా ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పలేరు. రాబోవు జనాభా లెక్కలలో ఆ సంఖ్య ఎంతయగునో నిర్ణయించుట మాత్రము వారి చేతులలోనే ఉన్నది.