రేజరుకు పుట్టినతేదీ ఎవరు వేస్తారు?

కాలేజీ సావనీరులో గెడ్డం గీసుకునే రేజర్ల మీద వ్యాసమేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కాని పాత బ్రిటిష్ సేఫ్టీ రేజరు ఒకటి చేతికిచ్చి "ఇది ఏ ఏటిది?" అని అడిగితే, అది చరిత్ర ఎం.ఏ. ప్రశ్నపత్రానికి ఏమాత్రం తీసిపోని ప్రశ్న. ఆ పరీక్షలో చాలామంది కాపీ కొడుతున్నారన్నదే నా ఫిర్యాదు.

నా దగ్గర ఇలాంటివి నాలుగున్నాయి. వాటికోసం పాత సామాన్ల కొట్లు తిరిగినప్పుడల్లా ఒకటే తంతు. రేజరు మీద నంబరు కనిపిస్తే చాలు, పక్కన "1908 నాటిది" అని చీటీ, దానికి తగ్గ ధర. ఎలా తెలిసిందయ్యా అంటే "నంబరును బట్టి సార్" అంటాడు. నంబరును బట్టే, సరే. ఏ జాబితాను బట్టి? అక్కడే ఉంది తిరకాసంతా.

జిల్లెట్ అమెరికావాడు. 1901లో బోస్టన్‌లో కంపెనీ పెట్టాడు. 1903లో అమ్ముడుపోయిన రేజర్లు 51. మరుసటి ఏడు 90 వేలు దాటాయి! ఒక్కో రేజరుకూ వరసగా నంబరు వేస్తూ పోయారు కాబట్టి, ఔత్సాహికులు ఆ నంబర్లను ఏళ్ళతో జతపరిచి పట్టికలు తయారుచేశారు. ఆ శ్రమను నేను చిన్నచూపు చూడను. అయితే కంపెనీ 1905లోనే లండనులో అమ్మకాల ఆఫీసు తెరిచింది. 1909 నాటికి లెస్టరులో కర్మాగారం కూడా పెట్టింది. అంచేత ఇంగ్లండులో అమ్ముడైన రేజరు బోస్టన్‌ది కావచ్చు, లెస్టరుది కావచ్చు. లెస్టరు సరుకుకి బోస్టన్ పట్టిక చూసి తేదీ చెప్పడం, పొరుగూరి కరణం దస్త్రం చూసి మన ఊరి శిస్తు కట్టమన్నట్టుంటుంది.

పైగా జిల్లెట్ రేజరు విప్పితే మూడు ముక్కలు: పిడి, అడుగు పలక, పైమూత. నంబరు ఉండేది ఏదో ఒక ముక్క మీద. ఎనభై, తొంభై ఏళ్ళలో మరలు అరిగి, ముక్కలు మారి, మూడు రేజర్లు కలిసి ఒక రేజరైన ఘట్టాలు కొల్లలు. నంబరు ఆ ముక్క సంగతి చెబుతుందేగాని, పక్కనున్న ముక్కలకి పూచీ పడదు కదా?

"సరే మాస్టారూ, పేటెంటు నంబరుంటే?" అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్నే. బ్రిటన్‌లో 1916కి ముందు ప్రతి జనవరిలోనూ పేటెంట్ల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేది. మన పాత ఉత్తరాల మీద "రక్తాక్షి నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటే అది 1864దో, 1924దో, 1984దో ఎలా తేలుతుంది? ఇదీ అంతే. పక్కన సంవత్సరం లేకపోతే ఆ అంకె గాలిలో దీపం. 1916 నుంచి మాత్రం 1,00,001తో మొదలుపెట్టి ఏకధాటిగా లెక్కించారు. కాబట్టి లక్ష దాటిన బ్రిటిష్ పేటెంటు నంబరుంటే ఆ రేజరు 1916కి ముందుది కాదు. ఇక రిజిస్టరైన డిజైన్ల వరస 1884లో ఒకటితో మొదలై 1900 నాటికి మూడున్నర లక్షలకు చేరింది. ఇది నమ్మదగిన వరసే.

అయితే ఇవన్నీ "ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే చెబుతాయి. ఒక డిజైను రిజిస్టరు చేయించి అదే అచ్చుతో పదేళ్ళపాటు సరుకు తీయవచ్చు. వెండి పెట్టె ఉంటే దానిమీద హాల్‌మార్కు చూడాలి. లంగరు గుర్తుంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినట్టు; పక్కనున్న అక్షరం ఏటికేడు మారుతుంది. చక్కటి సాక్ష్యం, కాని పెట్టెకే! లోపలున్న రేజరు తరవాత వచ్చి చేరిన అద్దెవాడు కావచ్చు.

నంబరు నిజంగా మాట్లాడిన చోటు ఒకటుంది. అది విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ, 1898 నుంచి సేఫ్టీ రేజర్లు కూడా చేసిన సంస్థే. అది 1854 నుంచి తన మేలురకం కత్తుల మీద నంబర్లు వేసింది, పక్కనే పుస్తకంలో రాసుకుంది. ఆ పుస్తకాలు నిలిచాయి గనక, కత్తి మీది అంకె చూసి అది ఏనాటిదో, చాలాసార్లు ఏ అధికారి కొన్నాడో కూడా చెప్పగలుగుతున్నారు. ఏళ్ళ తరబడి ఎవడో గుమాస్తా ఓపిగ్గా నింపిన పద్దు అది. అది లేకపోతే కత్తి మీది అంకె వట్టి గీతే.

అందుకని చీటీ మీద "1908" అని రాసేవాడి కంటే "1916 తరవాతిది, ఎంత తరవాతో తేలలేదు" అని రాసేవాడే నా దృష్టిలో పండితుడు. ధర తగ్గుతుంది, నిజమే. తగ్గనివ్వండి. ఇంకో మాట, ఇంట్లో తాతగారి రేజరు దొరికితే దాన్ని బ్రాసో పెట్టి తళతళా తోమకండి. మెరుపు వస్తుంది, నంబరు పోతుంది.

మరి ఇదంతా మన సంఘానికెందుకంటారా? మన ఫిజిక్సు, కెమిస్ట్రీ లేబరేటరీల బీరువాల్లో లండను పేరూ, నంబరూ చెక్కిన పాత త్రాసులు, సూక్ష్మదర్శినులు ఇంకా ఉన్నాయి. అవి ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో చెప్పగలిగేవి స్టాకు రిజిస్టర్లే. పాత కాగితాలని వాటిని కిలోల లెక్కన తూకానికి వేసే రోజు రాకముందే, సంఘంవారు ఈ ఏటి నిధుల్లోంచి ఒక ఇనప బీరువా కొని గ్రంథాలయంలో పెట్టిస్తే బాగుంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది స్టాఫు, విద్యార్థులు కూర్చుని తేల్చుకోవచ్చు.