తీరమున క్రొత్తవారు – మన పలుకరింపు

నెల్లూరు తీరము నేడు నానా రాష్ట్రముల వారికి పనిచోటైనది. 1971 అక్టోబరు 9వ తేదీన శ్రీహరికోటనుండి మొదటి రాకెట్టు ఎగిరిన నాటినుండి మలయాళ, తమిళ, వంగ సీమల ఇంజనీర్లు సూళ్లూరుపేట అంగళ్లలో బేరమాడుచున్నారు. 2008లో కృష్ణపట్నము రేవు తెఱచిన పిదప ముత్తుకూరు ప్రాంతమునకు లారీ డ్రైవర్లు, కూలీలు, విద్యుత్కేంద్రపు ఉద్యోగులు వచ్చి చేరిరి. రొయ్యల కర్మాగారములలో ఒడియా, బెంగాలీ మాటలు వినవచ్చుచున్నవి. 2022లో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరినను తీరమొక్కటియే, సమస్యయు నొక్కటియే.

ఆ సమస్య యేమనగా: వీరు మన యూళ్లలో నుందురు గాని మనతో నుండరు. పదేండ్లు ఒకే వీధిలో కాపురముండి యెదుటి యింటివారిని “బాగుండారా” యని యొక్కమాఱైనను అడుగనివారు గలరు. తప్పు వారిదే యని మనము చెప్పుకొందుము. అందు సగమే నిజము.

పలుకరింపు వట్టి కాలహరణమని చదువుకొన్నవారిలో కొందఱి తలంపు. పని యున్నచో మాటాడవలెను గాని, పని లేని మాట లేల యని వారందురు. మే మీ వాదము నంగీకరింపము. మన పల్లెవాడు “అన్నం తిన్నారా” యని యడుగునపుడు అన్నమును గుఱించి యడుగుట లేదు. నీవు నా కంటబడితివి, నీ క్షేమము నాకు గావలెను అని తెలుపుచున్నాడు. “తిన్నాను, మీరు తిన్నారా” యన్న చాలును. నా భోజనముతో నీకేమి పని యని ముఖము త్రిప్పుకొన్నచో నా తలుపు మరల తెఱచుకొనుట కష్టము. “ఏ వూరు మీది, పిల్లలెందఱు” అను ప్రశ్నలును ఇట్టివే. నగరవాసికి ఇవి కూపీ తీయుటగా తోచును. ఊరివానికి ఇవి పీట వేసి కూర్చుండుమనుట వంటివి.

కావున క్రొత్తవారికి మా మనవి యిది. బస్సులోను అంగడిలోను అన్నా, అక్కా, అవ్వా యని పిలువుడు. ప్రయాణమై పోవువానిని, అందును తెప్ప కదలించుచున్న వేటగానిని, “యాడికి” అని యెదురడుగకుడు, మనవారికది అపశకునము. “దూరమా” యని యడుగుట మర్యాద. సెలవు పుచ్చుకొనునపుడు “పోతా” ననక “పోయొస్తా” ననుడు. మాటకు విషయము దొరకలేదను భయము వలదు. వానలు ఈశాన్యమునుండి పడినవా లేదా, మొలగొలుకులు నేడెవరైన నాటుచున్నారా, చేపల పులుసు రాత్రి వండి మఱునాడు తినవలెనా – వీనిపై నెల్లూరివాడు గంటసేపు మాటాడగలడు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు సముద్రమున మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములలో వేటగాని యొద్ద కూర్చుండి వల బాగుచేయుటను గుఱించి యడుగుడు; వేటను గుఱించి గ్రంథములలో లేని సంగతు లెన్నియో వినవచ్చును. ఒక్క హెచ్చరిక: మేము వ్రాయుచున్న యీ గ్రాంథికమున మాత్రము ఎవ్వరిని పలుకరింపకుడు.

ఇక మన తప్పులు చెప్పవలెను. క్రొత్తవాడు తడబడుచు రెండు తెలుగు మాటలాడగనే మనము నవ్వుదుము. లేదా మన చదువు చూపుటకై ఇంగ్లీషులో బదులు చెప్పుదుము. ఆంధ్రరాష్ట్రము కొఱకు 1952లో ప్రాణములర్పించిన పొట్టి శ్రీరాములు పేరు ఈ జిల్లాకు 2008లో పెట్టుకొంటిమి. పేరు పెట్టుకొన్న చాలునా? తెలుగు నేర్వగోరి యింటికి వచ్చినవానిని తెలుగునకు దూరము చేయుట యా పేరునకు తగునా?

అంతకంటె పెద్ద తప్పు వేఱొకటి కలదు. “ఏ వూరు” అను ప్రశ్న వెనుక “ఇంటిపేరేమి” యనియు, దాని వెనుక “మీరేమిటోళ్లు” అనియు వచ్చును. దానికి వచ్చిన జవాబును బట్టి అద్దెయిల్లు కలదనియో లేదనియో చెప్పుట పలుకరింపు గాదు, అవమానము. నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి యాలయమున హరిజనుల ప్రవేశము కొఱకు శ్రీరాములు 1946లో ఉపవాసము పూనెను. ఆలయద్వారము తెఱచిన యూరిలో ఇంటిద్వారము మూయుట న్యాయమా? ఈ తీరమున ఎల్లరికంటె పాతవారైన యానాదులను మన పట్టణవాసులు నేటికిని “ఏరా” యని పిలుచుట విందుము. క్రొత్తవాడు మనలను జూచి తెలుగు నేర్చుకొనును. వాడు నేర్చు మొదటి మాట యా “ఏరా” కారాదు.

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించినది గాదు, ప్రాణములకును సంబంధించినది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలుకట్టను కోసివేసెను. కోవూరు ప్రాంతమున ఊళ్లు నీట మునిగెను. అట్టి రాత్రి అధికారుల ప్రకటన కంటె ముందు చేరునది ఇరుగుపొరుగువారి కేక. పేరు తెలియనివానిని ఏమని కేకవేయుదుము? మన కేక తెలియనివాడు ఏ దిక్కునకు పరుగెత్తును?

క్రొత్తవారితో మాటాడుట మనకు చేతగాని విద్య గాదు. మొహరము మాసమున స్వర్ణాల చెఱువులో, బారా షహీద్ దర్గా చెంత, రొట్టెల పండుగనాడు జరుగునదేమి? చదువు రొట్టె, ఉద్యోగపు రొట్టె, పెండ్లి రొట్టె, సంతానపు రొట్టె యని కేకలు వేయుచు, కోరిక తీరినవారు తెచ్చిన రొట్టెలను అదే కోరిక గలవారు నీటిలో నిలిచి యందుకొందురు. ఏ మతమని గాని, ఏ సీమయని గాని అడుగువాడు లేడు. నీ కోరిక యేమి యని మాత్రమే యడుగుదురు. ఆ దినముల యా గుణము ఏడాదియంతయు నుండిన చాలును.

ఇందుకు ధనము వలదు, చట్టము వలదు. తీరమునగల ప్రతి గ్రంథాలయమును వారమునకొక సాయంకాలము క్రొత్తవారి కొఱకు కేటాయింపవలెను. పాఠములక్కఱలేదు, ఊరివారు నలుగురు, క్రొత్తవారు నలుగురు కూర్చుండి మాటాడుకొనిన జాలును. కూలీలను తెచ్చు కంట్రాక్టరులు వారికి పనిముట్లతోపాటు ఏబది తెలుగు వాక్యములును ఇప్పింపవలెను. మనము మెల్లగా, నవ్వక, తెలుగుననే బదులు పలుకవలెను. చదువరులీ సాయంకాలమే యెదుటి యింటి క్రొత్తవానిని “అన్నం తిన్నారా” యని యడుగుదురు గాక.