కొన్నది మనం, తాళంచెవి వాళ్లది

మొన్నామధ్య అటక సర్దుతుంటే ఓ అట్టపెట్టెలో నా పాత గేమ్ డిస్కులు బయటపడ్డాయి. మావాడు అందులోంచి కార్ల రేసొకటి పట్టుకొచ్చి 'నాన్నా, ఇది ఆడొచ్చా?' అన్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రెండు నెలలు డబ్బులు దాచుకుని కొన్నది. డిస్కు మీద గీత కూడా పడలేదు. పాత కంప్యూటర్లో పెడితే బుద్ధిగా ఇన్‌స్టాల్ అయింది, మ్యూజిక్ వచ్చింది, ఆ తర్వాత 'సర్వర్ అందుబాటులో లేదు' అంటూ చిన్న డబ్బా. అంతే సంగతులు. కంపెనీవాళ్లు ఆ సర్వర్‌ని ఎప్పుడో ఆపేశారు. 'ఒక్కడినే ఆడుకునేదానికి సర్వరెందుకు నాన్నా?' అన్నాడు వాడు. జవాబు తెలీక కాదు, చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నా. ఎందుకో చివర్లో చెబుతా.

ఇది నా ఒక్కడి ఏడుపే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. యూబీసాఫ్ట్ వాళ్ల 'ద క్రూ' సంగతి చూడండి. 2014 డిసెంబర్లో వచ్చింది. అమెరికా మొత్తాన్ని కుదించి మ్యాపుగా చేసి, దాన్నిండా కార్లేసుకు తిరగమన్నారు. ఒంటరిగా ఆడుకోడానికే బోలెడు కథ ఉంది. అయినా నెట్ లేకపోతే కారు కదలదు. 2023 డిసెంబర్లో అమ్మకాలు ఆపారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు. అక్కడితో ఊరుకున్నారా? ఏప్రిల్లో కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా పీకేశారు. ఈమధ్యే కొన్న కొద్దిమందికి తప్ప డబ్బు వాపసు లేదు. కాలిఫోర్నియాలో ఇద్దరు కోర్టుకెక్కితే, మేం అమ్మింది ఆట కాదు, పరిమితమైన లైసెన్సు అన్నది కంపెనీ వాదన.

మరి బొత్తాం మీద 'కొనండి' అని ఎందుకు రాశారయ్యా? అద్దె అని రాస్తే ఆ రేటుకి ఎవడూ కొనడనేగా! ఈ మాటల గారడీ చూళ్లేకే కాలిఫోర్నియా ఒక చట్టం తెచ్చింది. 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకుని 'కొనండి' అంటూ అమ్మకూడదు. సంతోషమే, కానీ దొంగతనం చేసేముందు చెప్పి చెయ్యమన్నట్టుంది. చెప్పినంత మాత్రాన పోయిన ఆట తిరిగొస్తుందా?

ఇక కంపెనీల వాదనలు. మొదటిది, 'సర్వర్లు ఎల్లకాలం నడపలేం.' నడపమని ఎవరడిగారు? 2024లో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం అడిగేది చాలా చిన్నది. మీరు దుకాణం కట్టేసేటప్పుడు, ఆట మీ అవసరం లేకుండా నడిచేలా చేసి పొండి. యూరప్‌లో ఈ కోరిక మీద 2025 జులై ఆఖరుకి 14 లక్షలకి పైగా సంతకాలు పడ్డాయి. వాళ్లంతా పనీపాటా లేనివాళ్లంటారా?

రెండోది, 'ఆటగాళ్లే సర్వర్లు నడుపుకుంటే భద్రత ఉండదు, చెడ్డ కంటెంట్‌కి మా మీద బాధ్యత పడుతుంది.' ఐడీ సాఫ్ట్‌వేర్ 'క్వేక్' సోర్స్ కోడ్‌ని 1999లోనే జనానికి ఇచ్చేసింది. కొంపలేం మునిగాయి? 'నాకౌట్ సిటీ' వాళ్లు 2023లో సర్వర్లు ఆపుతూ సొంత సర్వర్ పెట్టుకునే వెర్షన్ చేతికిచ్చి మరీ వెళ్లారు.

మూడోది, 'టెక్నికల్‌గా కష్టం.' దీన్ని కొంత ఒప్పుకుంటా. వేలమంది కలిసి ఆడే ఆటల్లో సగం లాజిక్ సర్వర్లోనే ఉంటుంది. పైగా బయటి కంపెనీల కోడ్ లైసెన్సులుంటాయి, అవి జనానికి ఇచ్చేయడం కుదరదు. తయారైపోయాక విడదీయాలంటే నరకమే. కానీ మొదటిరోజే డిజైన్లో అనుకుంటే? ఇల్లు కట్టాక మెట్లు పెట్టడం కష్టమే, ప్లాన్లోనే గీసుకుంటే ఏం కష్టం? సింసిటీకి సర్వర్ తప్పనిసరి అని 2013లో ఈఏ బల్లగుద్ది చెప్పింది, ఏడాది తిరిగేసరికి ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చింది. అంతెందుకు, ఇంత గొడవయ్యాక అదే యూబీసాఫ్ట్ 2025 అక్టోబర్లో 'ద క్రూ 2'కి ఆఫ్‌లైన్ మోడ్ పెట్టింది. అడ్డం వచ్చింది టెక్నాలజీయా, మనసా?

అసలు బాధ డబ్బు గురించి కాదు. చదివేసిన పుస్తకం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదకి చేరి ఇంకో కుర్రాడి చేతిలో పడుతుంది. పబ్లిషర్ ఎప్పుడో మూతబడినా పుస్తకం బతికే ఉంటుంది. ఆటకి ఆ భాగ్యం లేదు. వందలమంది బొమ్మలేసి, పాట కట్టి, కోడ్ రాసి ఏళ్లు ధారపోసిన పని ఒక్క స్విచ్‌తో మాయం. తయారుచేసినవాడు కూడా తన బిడ్డకి చూపించుకోలేడు.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. అలాంటి లైసెన్స్ చెక్ ఒకటి నేనూ రాశాను, ఓ ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోసం. సర్వర్ పలక్కపోతే ప్రోగ్రామ్ ఆగిపోవాలి, అదీ స్పెసిఫికేషన్. 'కంపెనీయే లేకపోతే?' అని మీటింగులో నేనూ అడగలేదు, పక్కవాడూ అడగలేదు. ఈసారి అడుగుతా. మీలో ఇలాంటి కోడ్ రాసేవాళ్లుంటే మీరూ అడగండి. కొనేవాళ్లయితే, జీఓజీ లాంటి చోట ఇన్‌స్టాలర్ దించుకుని దాచుకునే ఆటలున్నాయి, ముందు అవి చూడండి.

మావాడు ఆ డిస్కుని టీ కప్పు కింద పెట్టుకుంటున్నాడు. దానికి సర్వర్ అక్కర్లేదట.