వార్ధక్యము వంశదోషమా?

"మా వంశమున నింతే, అఱువదేండ్లు దాటగనే మూలబడుదురు" అను మాట మేము పలుతావుల వినుచున్నాము. ఆ నడుమ శామీర్‌పేట చెఱువు సమీపమున నొక గృహస్థుని యింటి కేగితిమి. అతడు విద్యావంతుడే, 1999లో నా ప్రాంతమున వెలసిన జీనోమ్ వ్యాలీలో నాతని కుమారునకు కొలువు. వాకిటి మంచముపైనున్న వృద్ధమాత లేవబోగా మేము చేయి యందించితిమి. "లేపకుడు మాస్టరుగారూ! ఆమె పుట్టింటివారందఱు నింతే, రక్తములోనే యున్నది" అని యాతడు వారించెను. ఆమె కేమి పెట్టుదురని యడిగితిమి. "దంతములు లేవు గదా, మజ్జిగయన్నము" అనెను. ఇక పప్పు, గ్రుడ్లు దంతములున్నవారి పాలు!

జన్యువులకు పాత్ర లేదని మేమనము. ఏపీఓఈ, ఫాక్సో3 అను జన్యువులలోని భేదములకును దీర్ఘాయువునకును సంబంధము కలదని పండితులు చూపిరి. కాని యెంత? 1870 మొదలు 1900 వఱకు డెన్మార్కున జన్మించిన 2,872 కవలజంటలను బరిశీలించి, మనుష్యుల యాయువులలోని భేదమున నించుమించు నాల్గవపాలే జన్యువులదని 1996లో లెక్కకట్టిరి. కోట్లకొలది జనుల వంశవృక్షములను జూచినవారు 2018లో నదియు నెక్కువయే, పదవపాలునకు లోపే యనిరి. మనుష్యులు తమవంటివారినే పెండ్లాడుటచే, జీవనరీతి సైతము వంశగుణమువలె గనబడునని వారి వాదము. ఇటీవల మఱికొందఱు సగమనుచున్నారు. సగమే యనుకొందము! మిగిలిన సగ మెవరి చేతిలో నున్నది?

దౌర్బల్యమునకు వైద్యులు 2001లో నైదు లక్షణములు నిర్ణయించిరి: కోరకయే బరువు తగ్గుట, అలసట, పిడికిలిపట్టు సడలుట, నడక మందగించుట, కదలిక తగ్గుట. మూడు కనబడిన దౌర్బల్యమే. వీనిలో తిండితోడను వ్యాయామముతోడను సంబంధము లేనిదేది? 1990లో బోస్టను నగరమున తొంబదేండ్ల ప్రాయపు దుర్బలులు పదుగురచే నెనిమిది వారములు బరువులెత్తు సాధన చేయించిరి. తుదివఱకు నిలిచిన తొమ్మండుగురి కాలిబలము సగటున రెండున్నర రెట్లు మించెను. వారి జన్యువులు మాఱినవా? లేదు; వారిని మూల గూర్చుండబెట్టుట మానిరి, అంతియే.

ఇది విదేశపు మాట యని త్రోసివేయ వీలులేదు. మేడ్చల్ మండలపు ఘనపూరులోని షేర్ ఇండియా సంస్థవారు, పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయ పండితులతో గూడి, 2010 తరువాతి దశాబ్దమున నీ పల్లెలలోని యఱువదేండ్లు దాటినవారి నడకను, కండబలమును గొలిచిరి. పండితులు మన వాకిటికి వచ్చి కొలువదగినదని తలచిన బలమును, ఇంటివారము మనము లెక్కింపమా?

శాస్త్రప్రమాణము గోరువారు చరకసంహిత విమానస్థానము మూడవ యధ్యాయము విప్పి చూడుడు. ఆయువు దైవమును, పురుషకారమును రెంటిని ఆశ్రయించియున్నదనియు, అది ముందే నియతమైనచో నౌషధములు వ్యర్థములనియు నచట వాదింపబడినది. దైవమును మాత్రము పట్టుకొని పురుషకారమును విడిచినది మనము.

మన యిండ్లలో నవ్వ తుదిపంక్తిని భుజించును. మిగిలినదియే యామె భాగము. కంటియద్దము లడిగిన "ఈ వయసున నేల?" అందుము. నడచిన పడుననుచు కూర్చుండబెట్టుదుము. కూర్చుండి కాళ్లు పడిపోగా వంశమును నిందింతుము. తల్లిదండ్రుల పోషణకై 2007లో చట్టము చేయవలసివచ్చుట మనకు సిగ్గుచేటు కాదా?

సోదరులారా, సోదరీమణులారా! పిల్లలను నూఱేండ్లు బ్రతుకుడని దీవించు నోటికి నేటి రాత్రినుండి మెత్తగా నుడికిన పప్పు, గ్రుడ్డో పాలో ముందుగా నందింపుడు. తెల్లవారగనే చేయిపట్టి నాలుగడుగులు నడిపింపుడు. వంశమును నిందించుట కా పిమ్మట తీరిక చూచుకొందము.